‘ఎవరిచ్చారు’ అన్న గడి

ఒకరి నోటుబుక్కు తెరిచి చూడడం తప్పని ఆమెకు తెలియదా అంటే, తెలుసు. శుభ్రంగా తెలుసు. అయినా ప్రతి ఆదివారం సాయంత్రం, పన్నెండేళ్ల కూతురు తండ్రి ఇంటి నుంచి వచ్చి, సంచి సోఫాలో పడేసి స్నానానికి వెళ్లగానే ఆమె చెయ్యి ఆ సంచిలోకి వెళ్లిపోయేది. బాత్రూంలో నీళ్ల చప్పుడు ఆగేలోపు చూసేసి ఎక్కడిదక్కడ పెట్టేసేది.

అది ఆ పిల్ల తను చదివిన పుస్తకాల గురించి రాసుకునే నోటుబుక్కు. స్కేలు పెట్టి గీసుకున్న గడులు. పుస్తకం పేరు, మొదలుపెట్టిన రోజు, ముగించిన రోజు, ఎవరిచ్చారు, ఎన్ని నక్షత్రాలు, ఆఖర్న ఓ రెండు మాటలు. ఆ ‘ఎవరిచ్చారు’ అన్న గడిలో పై నుంచి కింది దాకా ఒకటే పేరు. పిన్ని, పిన్ని, మళ్లీ పిన్ని.

పిన్నంటే పిల్ల తండ్రి రెండోసారి చేసుకున్నావిడ. పళ్ల డాక్టరు. రోజంతా జనం నోళ్లలోకి తొంగిచూసే మనిషికి పిల్లల కథల పుస్తకాలతో ఏం పనో, అవన్నీ ముందు తను చదివి, ఏది ఈ పిల్లకి నచ్చుతుందో కనిపెట్టే తీరిక ఎక్కణ్ణుంచి వస్తుందో మరి. మొగుణ్ణి పట్టుకుపోతే పట్టుకుపోయింది, ఆ ఏడుపు ఏడాదిలో తీరిపోయింది. పైగా ఇల్లు కాస్త విశాలమైంది కూడా. కానీ కూతురి నోటుబుక్కులో కూడా ఆవిడే వచ్చి కూర్చుంటే కడుపు మండదూ? మండింది. భగభగా మండింది.

ఆమె కళ్లజోళ్ల షాపులో వెనక గదిలో పనిచేస్తుంది. చీటీలో రాసిన పవర్ చూసుకుని అద్దాన్ని ఫ్రేముకు సరిపడా అరగదీసి బిగించడం ఆమె పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేసే కన్ను. బడి మానేశాక ఆమె చదివిందల్లా ఆ చీటీలే. అయినా పంతం పట్టి, జీతం రోజున బజారుకు వెళ్లి, అట్టల మీద రంగులు చూసి మూడు కథల పుస్తకాలు కొనుక్కొచ్చింది. పిల్ల థాంక్సమ్మా అంది, బుద్ధిగా మూడూ చదివింది. ఆదివారం వచ్చింది, తల్లి నోటుబుక్కు తెరిచింది. అమ్మ, అమ్మ, అమ్మ అని మూడు గడుల్లో రాసుంది. చూడగానే ప్రాణం లేచొచ్చింది. పక్క గడిలో మూడింటికీ ఒక్కొక్కటే నక్షత్రం. ‘ఆరేళ్ల పిల్లలకి బాగుంటాయి’ అని ఆఖర్న రెండు మాటలు. లేచొచ్చిన ప్రాణం వచ్చినంత వేగంగానూ ఉసూరుమంది.

సరే, ఆ మహాతల్లి ఇస్తున్న వాటిలో ఏముందో చూద్దామనుకుంది. పిల్ల ఆ వారం ముగించి పక్కన పెట్టిన పుస్తకాన్ని షాపుకు పట్టుకుపోయి, మధ్యాహ్నం భోజనం వేళ తిడుతూ మొదలుపెట్టింది. నాలుగో పేజీలో తిట్టడం మర్చిపోయింది. వారం తిరిగేసరికి ఇంకొకటి, తర్వాత మరొకటి. గిన్నెలో తిండి చల్లారిపోయేది, ముందు గదిలోంచి యజమాని రెండుసార్లు పిలిచినా వినపడేది కాదు. బాగున్నాయి. అదే మరీ ఒళ్లుమంట. బాగోకపోతే ఎంత హాయిగా ఉండేది!

ఈ సంగతి కూతురికి చెప్పొచ్చుగా? చెప్పలేదు. చెబితే ఆవిడ ఎంపిక బాగుందని ఒప్పుకున్నట్టే కదా. నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని తిరిగింది.

అలా ఉండగా ఒక ఆదివారం నోటుబుక్కులో ఈ మాటలు కనిపించాయి: ‘ఆఖరి అధ్యాయం పిన్నీ నేనూ చెరో పేజీ పైకి చదువుకున్నాం. ఇద్దరం ఏడ్చేశాం. ఇకనుంచి ప్రతి పుస్తకానికీ ఇలాగే చెయ్యాలని ఒప్పందం.’

ఆమె ఆ వాక్యాలు మూడుసార్లు చదివింది. తన ఇంట్లో ఏడుపొస్తే తలుపేసుకునే పిల్ల, అక్కడ ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చిందట. ఏడ్వడానికి కూడా నేను పనికిరాకపోయానా అనుకుంది. ఆ రాత్రి వంట ఉప్పు కషాయమైంది. పిల్ల పెరుగు ఎక్కువ కలుపుకుని తినేసింది.

తర్వాత వచ్చిన పుస్తకం ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ. వరదలో అక్క తప్పిపోతుంది. చెల్లెలు అక్క చెప్పులు సంచిలో వేసుకుని, ఊరూరా వెతుక్కుంటూ పోతుంది. పిల్ల బుధవారానికల్లా ఆఖరి అధ్యాయం దాకా వచ్చి, అక్కడ చిన్న కాగితం పెట్టి ఆపేసింది. పిన్ని దగ్గరికి వెళ్లే శనివారం కోసం దాచుకుంది. అక్క దొరుకుతుందంటావా అమ్మా అని ఆ రెండు రోజుల్లో నాలుగుసార్లు అడిగింది కూడా. గురువారం మధ్యాహ్నం షాపు వెనక గదిలో తల్లి ఆ ఆఖరి అధ్యాయం చదివేసింది.

శుక్రవారం భోజనాల దగ్గర పిల్ల మళ్లీ ఆ మాటే ఎత్తింది. రేపు పిన్నితో చదివేస్తాం కదా, తెలిసిపోతుంది అంది, మొహమంతా వెలిగిపోతూ. ఆ వెలుగు చూసేసరికి తల్లికి కళ్లలో నిప్పులు పోసుకున్నట్టయింది.

“దొరుకుతుందిలే. దొరికినా రానంటుంది. వేరే వాళ్లింట్లో అలవాటు పడిపోయి అక్కడే ఉండిపోతుంది” అంది.

నోరు జారింది కాదు. నాలుక మీద పెట్టుకుని, రుచి చూసి మరీ వదిలిన మాట అది. పిల్ల తల్లి వైపు చూసింది. ప్లేటు తీసుకెళ్లి కడిగి బోర్లించింది. చేసిన పని ఎంత చెత్తదో తల్లికి ఆ ప్లేటు చప్పుడుతోనే తెలిసింది, కానీ అన్న మాట వెనక్కి తీసుకునే దారేదీ?

శనివారం గడిచింది. ఆదివారం సాయంత్రం పిల్ల వచ్చి, సంచి పడేసి స్నానానికి వెళ్లింది. చూడకూడదని తల్లి వంటింట్లోకి పోయి నిలబడింది. రెండు నిమిషాలు నిలబడింది. మూడో నిమిషంలో సోఫాలో కూర్చుంది, నోటుబుక్కు చేతిలో ఉంది.

‘ఆఖరి అధ్యాయం పైకి చదువుకున్నాం. పిన్ని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. వచ్చినట్టు నటించాను. నాకు ముందే తెలుసని పిన్నికి చెప్పలేదు. ఎవరు చెప్పారని అడిగితే అమ్మ పేరు చెప్పాల్సొస్తుంది. పిన్ని అమ్మ గురించి చెడ్డగా అనుకోవడం నాకిష్టం లేదు.’ నక్షత్రాల గడి ఖాళీగా ఉంది.

నీళ్ల చప్పుడు ఎప్పుడాగిందో ఆమెకు తెలియలేదు. తలెత్తేసరికి పిల్ల తువ్వాలు తలకు చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. దాచడానికి ఏముంది ఇంక. నోటుబుక్కు ఒళ్లోనే ఉంచుకుని, కుళ్లుతో చేశానమ్మడూ, మీరిద్దరూ కలిసి ఏడ్చారని ఓర్వలేక చేశాను అని చెప్పేసింది.

“నువ్వు చూస్తావని తెలుసు. అందుకే రాశాను” అంది పిల్ల.

తలకు చుట్టిన తువ్వాలు విప్పి కుర్చీ మీద ఆరేసింది. తర్వాత పిల్ల వచ్చి పక్కన కూర్చుంది, కొంచెం ఎడంగా.

“అమ్మా, నువ్వు ఏడ్చావా ఆ పుస్తకం చదివి?”

ఏడ్చానంది. గురువారం, అద్దాలు అరగదీసే మిషన్ ఆపేసి, బల్ల మీద తలపెట్టి ఏడ్చానంది. కంట్లో దుమ్ము పడిందని యజమానికి అబద్ధం చెప్పానంది.

“ఎక్కడ?”

“చెల్లెలు అంత దూరం మోసుకొచ్చిన చెప్పులు తీసి ఇస్తుంది చూడు. అక్క వేసుకోబోతే పాదం పట్టదు. పెద్దదైపోయింటుంది. అక్కడ.”

పిల్ల నోటుబుక్కు తీసుకుంది. ఖాళీ గడి వైపు చూస్తూ కూర్చుంది. పిల్ల కింది పెదవి వణకడం తల్లి చూసింది.

“నాకూ అక్కడే ఏడుపొచ్చేదేమో అమ్మా” అంది.