పైపొర దాకా రాని ప్రోటీన్

మా అక్క కూతురికి పంతొమ్మిదేళ్ళు. ఇంట్లో అందరం చిట్టెలుక అంటాం. పుట్టినప్పటి నుంచీ ఊపిరితిత్తుల్లో జిగురు. కణాల పైపొరలో కూర్చుని ఉప్పునీ నీటినీ పోనివ్వాల్సిన ప్రోటీన్ ఒకటి దానికి సరిగ్గా మడతపడదు. కణం లోపలే తనిఖీ జరుగుతుంది. ‘పనికిరాదు’ అని గుర్తు తగిలించి, ముక్కలుచేసే యంత్రంలోకి తోసేస్తుంది కణం. పైకి ఒక్కటీ చేరదు.

నేను అలాంటి కణాల మీద మందులు పరీక్షించే ల్యాబులో టెక్నీషియన్ని. ఈ జబ్బున్న చాలామందికి మందు దొరికింది. చిట్టెలుకది అరుదైన రకం, ముందు దాని కణాల మీద చూడాలన్నారు డాక్టరు. ముక్కులోంచి బ్రష్షుతో తీసి మాకు పంపారు.

“ఇంకొకరు చేస్తే మంచిదేమో,” అన్నారు మా మేనేజరు.

“నేనే చేస్తానండీ,” అన్నాను.

ఆ ఆదివారం అక్క అడిగింది. “అంత చిన్న తప్పుకే కణం దాన్ని పారేస్తుందా? కాస్తో కూస్తో పనిచేసేది కదే!”

“చూసీ చూడనట్టు పోవడం దానికి రాదక్కా.”

“నా ఒళ్ళు మా లెక్కల మేడమ్ లాంటిది పిన్నీ,” అంది చిట్టెలుక. “ఒక్క అంకె తప్పితే పేజీ మొత్తం కొట్టేస్తుంది.” నవ్వబోయి దగ్గులో పడింది.

ఐదు వారాలు ఆ కణాల్ని కంటికి రెప్పలా పెంచాను. మందు వేశాను. ప్రోటీన్ పైకి చేరితే పరీక్షలో తీసే ఫిల్ము మీద నల్లటి గీత పడాలి. పడలేదు. మోతాదు పెంచి మళ్ళీ చేశాను. లేదు.

మూడోసారి ఎవరికీ చెప్పకుండా, ముక్కలుచేసే యంత్రాన్నే ఆపేసే రసాయనం వేశాను. అది ఆ పిల్లకి ఇవ్వగలిగేది కాదని తెలుసు. అయినా మనసు ఊరుకోలేదు. ప్రోటీన్ మిగిలింది, కానీ లోపలే ఉండలు కట్టింది. రెండో రోజుకి కణాలు చచ్చి, పళ్ళెం అడుగు వదిలేసి తేలాయి. పారేసినా బతుకు లేదు, దాచుకున్నా లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోను?

రిపోర్టు పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. నా మొహం చూసి కవరు విప్పమనలేదు.

“ఇంకో మందు వస్తుందిలేవే,” అంది, నన్నే ఓదారుస్తున్నట్టు.

లోపల చిట్టెలుక మంచం మీద బోర్లా పడుకుని ఉంది. సాయంత్రం వీపు తట్టితేగానీ కఫం కదలదు. అక్కకి చేతులు లాగేస్తున్నాయి, నేను కూర్చున్నాను.

“రాలేదు కదూ?” అంది దిండులోకి.

“రాలేదమ్మా.”

వీపు తట్టడం మొదలుపెట్టాను.

“ఇంకొంచెం గట్టిగా తట్టు పిన్నీ. విరిగిపోనులే.”

తట్టాను.