అంకెలతో ఏడ్చిన తల్లి

ఫిబ్రవరిలో సముద్రస్నానం సీను తీయాలని ఎవడికి తోచిందో గానీ, వాడికి మోకాళ్ళ నొప్పులు లేవని మాత్రం చెప్పగలను. సినిమా జూన్‌లో విడుదల. అందుకని రోము పక్కనే ఉన్న ఓస్తియా సముద్రపు ఒడ్డున మేమంతా పల్చటి పూలగౌన్లు వేసుకుని వేసవి నటిస్తున్నాం. నోట్లోంచి ఆవిరి రాకుండా ప్రతి షాటుకీ ముందు ఐసుముక్క చప్పరించాలి. నాకు అరవై ఒకటి. విసుగొచ్చేసింది.

కుర్రపిల్లలంతా వెర్రెత్తిపోయే గాయకుడు రీనో ఫాల్కెట్టికి ఇప్పటికి ఐదు సినిమాల్లో నేనే తల్లిని, ఇది ఆరోది. కథ మారదు. వాడు పాడతాడు, పిల్ల అలుగుతుంది, నేను గరిటె పట్టుకుని తరుముతాను, చివరికి పెళ్ళి.

మా రోములో షూటింగప్పుడు మాటలు రికార్డు చేయరు. గొంతులు తర్వాత వేరేవాళ్ళు వేస్తారు. అందుకే సగంమందిమి డైలాగులు నేర్చుకోం, పెదవులు కదిలితే చాలని అంకెలు చెబుతాం. “ఒకటి, రెండు, మూడు” అని నేను ఏడిస్తే, “ఇరవై, ఇరవై ఒకటి” అని రీనో ఓదారుస్తాడు. హాల్లో జనం ముక్కు చీదుకుంటారు.

మా సొంతూరు గయేతాలో ఉండే మా చెల్లెలు అసుంతాకి చూపు పోయి పన్నెండేళ్ళయింది. అయినా నా ప్రతి సినిమాకీ వెళ్తుంది, వినడానికి. తర్వాత పక్కింటావిడ చేత ఉత్తరం రాయిస్తుంది. “బాగుందక్కా. నువ్వెక్కడున్నావో మాత్రం తెలియలేదు.” ఐదు సినిమాలు, ఐదు ఉత్తరాలు, అదే మాట. అమ్మ పోయాక దాన్ని పెంచింది నేనే.

ఈసారి నా గొంతే ఉంచుతానని దర్శకుడు మాట ఇచ్చాడు. ప్రతి డైలాగూ బట్టీ పట్టాను.

“అమ్మా, నువ్వు మాటలంటుంటే నా అంకెలు తప్పుతున్నాయే!” అన్నాడు రీనో.

“తప్పితే మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టుకోరా.”

ఏప్రిల్లో దర్శకుడు పిలిచాడు.

“ఏమనుకోకండి ఎర్సీలియాగారూ. నిర్మాత వద్దన్నాడు. మీ మాటలో గయేతా యాస పోవట్లేదుట.”

“వంటింటి సీనొక్కటైనా ఉంచండి బాబూ.”

“ఒక మనిషికి రెండు గొంతులెలా కుదుర్తాయండీ?”

ఆ ముక్క ఐదు సినిమాల కిందటే గుర్తుకు రావాల్సింది. అందామనుకున్నాను. ఓపిక లేక లేచి వచ్చేశాను.

ఆ సంగతి రీనోకి ఎలాగో తెలిసింది. మర్నాడు పొద్దున్నే కారులో వచ్చాడు.

“పద, పాట రికార్డింగుంది. మొదట్లో పేర్లు పడేటప్పుడు వచ్చే పాట. మధ్యలో నువ్వు నన్ను తిట్టాలి.”

“అంకెలతోనా?”

“మాటల్తోనేనే తల్లీ! పాట నాది. దాంట్లో వేలు పెట్టే ధైర్యం మీ నిర్మాతకి లేదులే.”

మైకు ముందు నిలబడితే రాసిచ్చిన తిట్టు కాస్తా ఎగిరిపోయింది. చిన్నప్పుడు మేడ కిటికీలోంచి అసుంతాని పిలిచిన కేకే నోటికొచ్చింది. “పాస్తా గడ్డకడుతోంది, ఇంక ఇంటికి తగలడు!” యాసతో సహా.

జూన్‌లో గయేతా వెళ్ళి, అసుంతా పక్కన హాల్లో కూర్చున్నాను. దానికి ఏమీ చెప్పలేదు. పాట మొదలైంది. రీనో గిటారు ఆగింది. నా కేక హాలంతా మోగింది.

“వస్తున్నానక్కా!” అని అసుంతా అంతకంటే గట్టిగా అరిచింది.

హాలంతా గొల్లున నవ్వింది. అది నవ్వలేదు. నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. తెర మీద ఇంకెవరో ఆడమనిషి నా నోటితో చక్కటి భాష మాట్లాడటం మొదలుపెట్టింది.

అసుంతా లేచి నిలబడింది.

“పదక్కా, ఇంటికి పోదాం.”