టీ అయ్యాక చెబుదాం

వంటింటి తలుపు వెనక మేకుకు ఒక అట్ట వేలాడుతోంది. దాని మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: పాస్టరు భార్య చేయవలసిన పనులు. ఆరాధన తర్వాత గ్లాసులు కడగాలి. బల్ల మీది గుడ్డ ఉతికి ఇస్త్రీ చేయాలి. మందిరం ఊడవాలి. కమిటీకి టీ పెట్టాలి. చోటు చాలక అంచుల మీద నిలువుగా కూడా రాశారు.

ఆ ఊరికి వచ్చిన రోజున సామాను దించుతూ ఆమె ఆ అట్ట చూసి నవ్వింది. "ఇది మీకోసమేనండీ. ఇక్కడ పాస్టర్ని నేను" అంది భర్తతో. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ సాయంత్రం సంఘ సెక్రటరీ వచ్చి అదే మాట ఇంకోలా చెప్పాడు. "మాకు కలిసొచ్చిందమ్మగారూ. పాస్టరూ మీరే, పాస్టరు భార్యా మీరే. ఒకరికి చెబితే ఇద్దరికీ చెప్పినట్టే." ఆయన నవ్వలేదు. భర్త మాత్రం మళ్ళీ నవ్వాడు.

నాలుగేళ్ళు చదివి, ఏడేళ్ళు ఎదురుచూస్తే వచ్చిన సంఘం ఇది. ముందు ఇమడాలి, తర్వాత చూసుకోవచ్చు అనుకుంది. కోడలిగా అడుగుపెట్టినప్పుడూ ఇలాగే అనుకుంది. ఆ తర్వాత అనేది పదహారేళ్ళయినా రాలేదు. "ఆదివారం ఎంత ఎత్తున నిలబడి మాట్లాడినా, దిగాక గిన్నెలు నీవే" అని అత్తగారు బస్సెక్కించేటప్పుడు కూడా గుర్తుచేసి మరీ పంపింది. ప్రతి ఆదివారం ఆమె ప్రసంగం ముగించి, తెల్ల అంగీ విప్పకుండానే చేతులు పైకి మడిచి గ్లాసులు కడిగేది. సెక్రటరీ భార్య ఒక్కో గ్లాసు వెలుతురుకు పట్టి చూసి, "పాత పాస్టరుగారి భార్య కడిగితే మెరిసేవి" అనేది. ప్రసంగం గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఆమెను పాస్టరుగా చూసింది ఒక్క దర్జీ తల్లే. కుట్టు మిషను వెనక గదిలో మంచం పట్టిన ముసలావిడ. ప్రార్థన చేయడానికి వెళితే ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఐదుగురు పాస్టర్లు వచ్చిపోయారమ్మా. అందరూ మగాళ్ళే. వాళ్ళ దగ్గర నోరిప్పే సంగతి కాదది. నలభై ఏళ్ళుగా లోపలే పెట్టుకున్నా. నీకు చెబుతా. ఇవాళ కాదు, కాస్త గుండె కూడగట్టుకోనీ."

ఆమె ప్రతి మంగళవారం వెళ్ళేది. ముసలావిడ నోటిదాకా తెచ్చుకుని, కోడలి అడుగుల చప్పుడు వినగానే మింగేసేది. "పోనీలే, నువ్వెక్కడికి పోతావు, నేనెక్కడికి పోతాను" అనేది.

శనివారం ముందు గదిలో కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు ఆమె. అధ్యక్షురాలి కుర్చీలో కూర్చుని కబుర్లు చెబుతున్నది ఆమె భర్త. ఆమె వంటింట్లో పాలు పొంగకుండా చూస్తోంది. ట్రే పట్టుకుని వచ్చేసరికి గుమ్మం పక్క బల్ల మీద దర్జీ ఒద్దికగా కూర్చుని ఉన్నాడు. మందిరం తెరల కొలతలకు వచ్చాడనుకుంది. అతనికీ ఒక కప్పు ఇచ్చింది. అతను లేవబోతే సెక్రటరీ చేత్తోనే కూర్చోమన్నాడు. "చక్కెర సరిపోయిందా?" అని అడిగి, రెండో విడత టీ కోసం ఆమె లోపలికి వెళ్ళింది.

అందరి కప్పులూ ఖాళీ అయ్యాక సెక్రటరీ మూతి తుడుచుకుని అన్నాడు. "ఏం లేదమ్మగారూ, ఇతని తల్లికి బాగాలేదట. మిమ్మల్ని అడుగుతోందట."

ఆమె చెప్పులు కూడా వేసుకోలేదు. వెళ్ళేసరికి కోడలు ముసలావిడ కళ్ళు మూస్తోంది. "ఇప్పటిదాకా మాట బాగానే ఉందమ్మగారూ. నన్ను కూడా బయటికి పొమ్మంది. పాస్టరమ్మ రానీ, ఆమెకే చెబుతా అంది."

దర్జీ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "టీ అయ్యాక చెబుదాం, కూర్చో అన్నారు. కూర్చున్నాను. ఇచ్చారు, తాగాను. ఎట్లా దిగిందో గొంతులో."

సమాధి దగ్గర మట్టి వేశాక ఆమె సెక్రటరీని పక్కకు పిలిచింది. "పాత పాస్టరుగారు వంటింట్లో ఉండుంటే ఆయనకూ అరగంట ఆగి చెప్పేవారా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆయన వంటింట్లో ఎందుకుంటారమ్మా?"

ఇంటికి రాగానే భర్త, "ఎట్లాగూ పోయే ప్రాణమేగా, నువ్వెందుకు అంత మొహం పెట్టుకుంటావు. అన్నం పెట్టు" అన్నాడు. ఆమె పెట్టింది. పెడుతూ తనను తాను అడుగుతూనే ఉంది. ఆ కప్పు అతని చేతిలో పెట్టింది ఎవరు? చక్కెర సంగతి అడిగింది ఎవరు? మనిషి ముఖంలోకి చూడకుండా కప్పులోకి చూసింది ఎవరు? సెక్రటరీని క్షమించలేదు. తనను అంతకన్నా క్షమించలేదు. నలభై ఏళ్ళు మోసిన మాట ఒకటి మట్టిలోకి వెళ్ళిపోయింది. దాని బదులు తొమ్మిది మంది మగవాళ్ళు రెండేసి సార్లు టీ తాగారు.

మళ్ళీ శనివారం వచ్చింది. కమిటీ కూర్చుంది. ఆమె వంటింటి వైపు వెళ్ళలేదు. తన కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"లేవండి" అంది భర్తతో.

"ఏంటిది, అందరి ముందూ?"

"అందరి ముందూ నేను నిలబడ్డాను కాబట్టి."

ఆయన లేచాడు. ఆమె కూర్చుని, మేకు నుంచి తీసుకొచ్చిన అట్ట బల్ల మీద పెట్టింది. "ఈ సంఘానికి పాస్టరు ఉంది. పాస్టరుకు భార్య లేదు. ఈ పనులు ఎవరెవరు చేస్తారో మీలో మీరు తేల్చుకోండి. గ్లాసులు మెరవాలన్న వాళ్ళు కడిగి మెరిపించుకోవచ్చు."

సెక్రటరీ దగ్గాడు. "సరేలెండమ్మగారూ, అవన్నీ మెల్లగా మాట్లాడుకుందాం. ముందు టీ సంగతి..."

"టీ లేదు. పుస్తకం తెరవండి."

ఆయన మినిట్స్ పుస్తకం తెరిచి, కలం మూత తీశాడు.

"మొదటి అంశం" అంది ఆమె. "పోయిన శనివారం తల్లి ప్రాణం మీదికి వస్తే పరిగెత్తుకొచ్చిన మనిషిని ఈ గుమ్మం దగ్గర అరగంట కూర్చోబెట్టారు. ఎవరు కూర్చోబెట్టారో, ఎందుకు కూర్చోబెట్టారో మీ చేత్తోనే రాయండి. నేను చదివాకే సంతకం పెడతాను."