ఏడో నంబరు కార్డు

నాలుగో లాప్‌టాప్ అడుగు మూత విప్పి, ఆవగింజంత మరను తడి వేలి కొనకు అంటించుకుంది మెకానిక్కమ్మ. లైబ్రరీలో ఆమెను అందరూ పిలిచే పేరు అదే. ఆ మర కింద పడిందంటే ఇక దొరకదు. రేడియోలు బాగుచేసే తండ్రి పక్కన కూర్చుని పదేళ్ళ వయసులో నేర్చుకున్న ఒడుపు ఇది. ఇప్పుడామెకు యాభై ఏడు. మూతల అంచులు లేపీ లేపీ ఎడమ బొటనవేలి గోరు చీలిపోయింది, వంగీ వంగీ మెడ ఒక పక్కకు వాలిపోయింది. చెయ్యి మాత్రం వణకదు.

లోపల రెండు సన్నటి తీగలు, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. వాటిని గోటితో లేపి, వేలెడైనా లేని వైఫై కార్డును బయటికి లాగింది. పక్కనున్న రేకు పెట్టెలోంచి నాలుగు అంకె వేసిన పాత కార్డు తీసి అక్కడ దూర్చింది. ఇంకా ఎనిమిది ఉన్నాయి.

అసలు సంగతేమిటంటే, ఈ పన్నెండు లాప్‌టాప్‌లూ ఒకప్పుడు మూలపడి ఉండేవి. వాటితో వచ్చిన సిస్టమ్‌కు కాలం చెల్లితే, ఎవరైనా ఉచితంగా వాడుకోగల లైనక్స్ అనే సిస్టమ్ ఎక్కించింది ఆమే. అంతా బాగానే ఉంది కానీ వైఫై మొండికేసింది. లైనక్స్‌లో వాటితో వచ్చిన కార్డులు పనిచేసే దారే లేదు. ఆమె ఊరుకునే రకమా? ఏడాదిపాటు ఆదివారాలన్నీ తుక్కు దుకాణాల చుట్టూ తిరిగి, పాడైన లాప్‌టాప్‌లలోంచి లైనక్స్‌కు పనికొచ్చే కార్డులు పన్నెండు ఏరుకొచ్చి బిగించింది. పాతవాటికి అంకెలు వేసి రేకు పెట్టెలో దాచింది.

ఆ పనికి బహుమతి వచ్చింది, సూపర్‌వైజర్‌కి. సభలో ఇత్తడి ఫలకం అందుకుంటూ "ఇదంతా నా ఆలోచనే" అన్నాడు. వెనక వరసలో ఉన్న ఆమెను చూపించి ఎవరో అడిగితే, "ఆవిడా? స్క్రూలు తిప్పుతుందండీ" అన్నాడు. జనం నవ్వారు. మూడేళ్ళుగా తింటున్నా, పడుకున్నా ఆ నవ్వే ఆమె చెవుల్లో మోగుతోంది.

పోయిన నెల ఆ మహానుభావుడే ఆమె ఉద్యోగం తీసేయించాడు. "అన్నీ వాటంతటవే నడుస్తున్నాయిగా, ఇంక మీరెందుకమ్మా?" అన్నాడు. ఇవాళే ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికి తనిఖీ కూడా ఇవాళే. కొన్ననాటి జాబితాలోని కార్డు నంబర్లూ, మిషన్లలోని నంబర్లూ సరిపోవాలట. అందుకని పొద్దున్నే వచ్చి హుకుం వేశాడు.

"మీరు తెచ్చిన చెత్తంతా పీకేసి, దేని కార్డు దానికి పెట్టేసి వెళ్ళండి."

"పాత కార్డులు పనిచెయ్యవు సార్. నెట్ రాదు."

"నాకు పాఠాలు చెప్పకండి. చెప్పింది చెయ్యండి."

"అయితే కాగితం మీద రాసివ్వండి."

విసుక్కుంటూనే రాసి, సంతకం గీకి పారేశాడు. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటుంటే ఆమెకు కడుపులో మంట కాస్త చల్లారింది. సాయంత్రం పదిమంది ముందు ఆ ముఖం ఎలా మాడిపోతుందో తలచుకుంటూ ఒక్కొక్క మూతే విప్పింది. తొందరేమీ పడలేదు. ఆ రుచి తీరిగ్గా అనుభవించాలనిపించింది.

ఏడో లాప్‌టాప్ ముందు ముసలి దర్జీ కూర్చుని ఉన్నాడు. ఒంటి వేలితో టైపు చేస్తాడు. వైద్యం కోసం వేరే ఊళ్ళో కూతురింట్లో ఉన్న భార్యను రోజూ ఐదింటికి ఇందులోనే వీడియో కాల్‌లో చూసుకుంటాడు.

"ఇదీ విప్పుతావా అమ్మా? ఐదింటికి మా ముసలిది ఎదురుచూస్తుంది" అన్నాడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. పొద్దుటి నుంచీ ఈయన సంగతే తట్టలేదు. తన మీద తనకే రోత పుట్టింది. పగ తీర్చుకోవలసింది ఈయన మీద కాదు కదా.

"లేదు బాబాయ్. మీరు మాట్లాడుకోండి. ఎవరు లేవమన్నా లేవకండి" అంది.

తక్కినవన్నీ పూర్తిచేసింది. సూపర్‌వైజర్ మూడు మిషన్ల మూతలు విప్పించి నంబర్లు మాత్రం సరిచూసి, మిగతావాటికి చూడకుండానే టిక్కులు పెట్టేసి, తనిఖీకి వచ్చేవాళ్ళకు ఎదురెళ్ళడానికి కిందికి పరుగెత్తాడు. ఆమె తన పదకొండు కార్డులూ రుమాల్లో మూటకట్టుకుంది. రేకు పెట్టె తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టింది. ఊడ్చే అమ్మాయి "వెళ్ళొస్తావా అక్కా?" అంటే తలూపి, మెట్లు దిగిపోయింది.

బస్టాపులో ఉండగా ఫోను మోగింది.

"ఏమ్మా, ఒక్కదాంట్లోనూ నెట్ రావట్లేదు! వాళ్ళంతా నా ముఖం చూస్తున్నారు! ఆ దర్జీది ఒక్కటే పనిచేస్తోంది, లేవమంటే లేవడు!"

"అన్నీ వాటంతటవే నడుస్తాయన్నారుగా సార్."

"అదంతా ఇప్పుడెందుకు? ఏం చెయ్యాలో చెప్పండి!"

"నాకేం తెలుసు సార్, స్క్రూలు తిప్పేదాన్ని."

ఫోను ఆపేసింది. ఎంత హాయిగా ఉందో! బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, రుమాలు మూట ఒళ్ళో పెట్టుకుంది. ఇక ఆ మెట్లు ఎక్కే పని లేదు.

అక్కడ లైబ్రరీలో సూపర్‌వైజర్ బల్ల మీద, ఇత్తడి ఫలకం పక్కన, మూత తెరిచిన రేకు పెట్టెలో ఏడు అంకె వేసిన కార్డు ఒక్కటే ఉంది.