కొట్లో పలికిన పెట్టె

తీగల మాస్టారి చెయ్యి బాగైపోయిందట, కొత్త పెట్టె కొనడానికి మొగుడూ పెళ్ళాం బయల్దేరారట, ఇకమీదట ఆ మేడలో ఎవరి చెవులూ వాళ్ళవి కావట. కింది వాటాలో ఇస్త్రీ చేసే ఆవిడ పాలాయనతో అన్న మాట ఇది. పాలాయన పాలతో పాటు దాన్నీ ఇంటింటికీ పోసుకుంటూ పోయాడు. మొగుడు మంచాన ఉండగా పాత పెద్ద పెట్టెను పెళ్ళామే అమ్మేసి, మనిషికి నోరు కుట్టేసిందని ఒక తోక కూడా తగిలించాడు.

ఇందులో నిజం ఒక్కటే. పెట్టె, అంటే గిటార్ చప్పుడు పెంచే యాంప్లిఫయర్, కొనడానికి బయల్దేరడం.

పెద్ద పెట్టెను వదిలించుకున్నది మాస్టారే. పక్షవాతం వచ్చి తగ్గాక, తను ఎత్తలేని బరువు కళ్ళెదురుగా ఉండకూడదని ఎవరికో ఇచ్చేశాడు. చెయ్యి మాత్రం బాగవలేదు. నడక వచ్చింది, మాట వచ్చింది. ఎడమచేతి ఉంగరం వేలూ చిటికెన వేలూ మాత్రం పిలిస్తే పలకవు. తీగను నొక్కబోతే దాని మీద ఊరికే వాలి పడుకుంటాయి.

అయితే మాస్టారు గిటార్ వాయించే పాటల బృందానికి పెద్దాయన ఇంటికొచ్చి చెప్పిపోయాడు. "పెళ్ళిళ్ళ కాలం మొదలయ్యేలోగా ఆ పొడుగు ముక్క వాయించగలిగితే వచ్చెయ్, మాస్టారూ. నీ కుర్చీ నీదే. లేకపోతే ఇంకో మనిషిని చూసుకోవాలి. ఏమీ అనుకోకు."

పొడుగు ముక్క అంటే, పాట ఎత్తుకునే ముందు గిటార్ ఒక్కటే మోగే భాగం. అది మాస్టారి సొత్తు. విందులో కూచున్నవాళ్ళు నోటి దగ్గర చెయ్యి ఆపి వినేవాళ్ళు. ఎలక్ట్రిక్ గిటార్‌ని పెట్టె లేకుండా వాయిస్తే దోమ పాడినట్టుంటుంది. "ఏ వేలు తప్పుతోందో నాకే వినపడి చావడం లేదు. చిన్న పెట్టె ఒకటుంటే చాలు, చెయ్యిని దారికి తెచ్చుకుంటా" అని పెళ్ళాం వెంట పడ్డాడు. ఆమె కుట్టుమిషను మీద గుడ్డ కప్పి చెప్పులు తొడుక్కుంది.

కొట్టు దగ్గర మాస్టారి తమ్ముడు అన్నావదినల్ని కలిశాడు. అతను మోటార్లకు వైండింగ్ చేస్తాడు, బృందంలో అన్న పక్కన రెండో గిటార్ పట్టుకుంటాడు. ఆ బృందంలో ఒక అలవాటుంది. ఒకరి చెయ్యి జారితే పక్కవాళ్ళు ఆ స్వరాన్ని ఎత్తుకుంటారు. జనానికి తెలియదు. ఒక్కోసారి జారినవాడికీ తెలియదు. వేదిక దిగాక ఆ ఊసు ఎవరూ ఎత్తరు. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూచున్న ఈ అన్నదమ్ములకు అది ఊపిరి తీసినంత మామూలు.

"నలభై వాట్లది చూపించండి" అన్నాడు తమ్ముడు, ఏదో మోటారు అడిగినట్టు.

"ఇంట్లోకా, మైదానంలోకా?" అన్నాడు కొట్టాయన.

"ఇంట్లోకే. రెండు గదులు."

"రెండు గదుల్లో నలభై పెడితే గోడలకి సున్నం మిగలదు. ఐదు చాలు, పదైతే ధారాళం. సౌండు తగ్గించినప్పుడు కూడా స్వరం విడివిడిగా వినిపిస్తోందా లేదా, అది చూసుకోండి."

"హెడ్‌ఫోన్ పెట్టుకునే బెజ్జం ఉందా?" అంది వదిన.

"నా పాట నాకే వడ్డించి తలుపేస్తావా?" అన్నాడు మాస్టారు.

"కింది వాటా ఆవిడ నోటికి నువ్వు తలుపేసి రా. బెజ్జం లేనిదే కొందాం."

కొట్టాయన నవ్వుతూ ఒక ఎర్ర పెట్టె దించాడు. మాస్టారు వెంట తెచ్చుకున్న గిటార్ దానికి తగిలించి, మీటలన్నీ తిప్పి చూసి, తీగ ముట్టకుండానే స్పీకర్‌కి చెవి ఆనించాడు. "ఊరికే ఉన్నప్పుడు గొణిగే పెట్టె, వాయిస్తే ఏడుస్తుంది" అన్నాడు. అది గొణగలేదు. ముక్క ఎత్తుకున్నాడు. రెండు స్వరాలు శుభ్రంగా పలికాయి. మూడోది టప్‌మని చచ్చిపోయింది. మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ టప్. నుదుటి మీద చెమట పోసింది.

"స్వరాలు మింగేస్తోందండీ ఇది" అన్నాడు.

కొట్టాయన తల వంచుకుని ఇంకొకటి తెచ్చాడు. నల్లది, జానెడు స్పీకరు, చంకలో పెట్టుకుని పోయేంత. మాస్టారు దానికెదురుగా ముక్కాలిపీట వేసుకుని, వేదిక మీద కూచున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. తమ్ముడు గోడకున్న గిటార్ ఒకటి తీసి, "నేనూ ఒకటి చూస్తా" అని పక్కనున్న ఇంకో పెట్టెకి తగిలించుకుని, అన్న వెనక నిలబడ్డాడు.

ముక్క మొదలైంది. మూడో స్వరం పలికింది. ఆ తర్వాతదీ పలికింది. ఎక్కడ అన్న వేలు వాలిపోతుందో అక్కడ తమ్ముడి వేలు లేచింది. అంతే బలం, అంతే నిడివి. ముక్క చివరిదాకా నడిచి, ఆగాల్సిన చోట ఆగింది. బయట బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఇద్దరు తలుపు దగ్గరకొచ్చి చూశారు.

"విన్నావటే!" అన్నాడు మాస్టారు, పెళ్ళాం వైపు తిరిగి. మంచం దిగాక ఆ మొహంలో అంత వెలుగు ఎప్పుడూ లేదు. "చెయ్యి ఎక్కడికీ పోలేదు. ఆ ఎర్ర ముండే నన్ను చంపింది!"

వదిన మరిది వేళ్ళ వైపు చూసింది. మరిది గిటార్‌ని గోడకు తగిలిస్తున్నాడు. ఆమె చీర కొంగుతో మొగుడి నుదురు తుడిచి, "విన్నాను" అంది.

నల్ల పెట్టె కట్టించుకుని, మాస్టారు కొట్టు మెట్ల మీదనుంచే బృందం పెద్దకి ఫోన్ చేశాడు. "కుర్చీ దుమ్ము దులుపు. వస్తున్నా."

ముగ్గురూ ఇంటికొచ్చాక మాస్టారు మంచం మీద కూచుని గిటార్‌ని పెట్టెకి తగిలించాడు. మూడో స్వరం టప్‌మంది. నవ్వి, చెయ్యి విదిలించుకుని మళ్ళీ వాయించాడు. టప్. బాస్ తగ్గించాడు, ట్రెబుల్ పెంచాడు. ఇంకో ప్లగ్గులో పెట్టాడు. వైరు మార్చాడు. పెట్టెను నేల మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి కిటికీ మీదికి మార్చాడు. ఎక్కడ పెట్టినా అది ఉన్నదున్నట్టు చెప్పింది. రెండు స్వరాలు, ఒక టప్.

"మోసం చేశాడురా. చూపించిందొకటి, కట్టిచ్చిందొకటి" అన్నాడు.

"అయ్యుంటుందన్నా" అన్నాడు తమ్ముడు, నేల చూస్తూ.

"అయ్యుంటుందేమిటి? నువ్వు వైండింగ్ చేసేవాడివి. విప్పి చూడు."

తమ్ముడు స్క్రూడ్రైవరు తీసి వెనక చెక్క ఊడదీశాడు. లోపలికి తొంగి చూశాడు. చూడడానికేం లేకపోయినా చాలాసేపు చూశాడు. వదిన మిషను ముందు కూచుంది, తొక్కడం లేదు.

"ఏమైనా దొరికిందా?"

"కాయిల్ కొంచెం... వదులుగా ఉందన్నా."

"నేను చెప్పలా! రేపే పోయి వాడి మొహాన కొట్టి ఇంకోటి తెద్దాం. మంచిది పడేదాకా మారుస్తూనే ఉందాం. ఏమే, నువ్వూ విన్నావుగా కొట్లో? వాయించానా లేదా?"

వదిన చేతిలో గుడ్డ పక్కన పెట్టింది.

"పెట్టె బాగానే ఉంది" అంది. "కొట్లో వాయించింది నువ్వు కాదు. నీ తమ్ముడు."