ముందు దొరికిన స్పీకరు

అన్నయ్య బొటనవేలు మీటను రెండుసార్లు గట్టిగా నొక్కింది. వాక్యం పూర్తయిందని అర్థం. ఇక స్పీకరు దాన్ని పైకి చదవాలి.

గదిలో ఏ చప్పుడూ లేదు.

డాక్టరమ్మ కుర్చీలో కాస్త ముందుకు వంగింది. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ అమ్మ కూతురి వైపు చూసింది. పిచ్చుక కిటికీలోని స్పీకరు దగ్గరికి పరుగెత్తింది.

పిచ్చుక అని పేరు పెట్టింది అన్నయ్యే. చిన్నప్పుడు నోరు మూతపడకుండా వాగుతుండేదని. ఆ తర్వాత ఒక జ్వరం వచ్చి అతని చూపునీ మాటనీ ఒంటినీ పట్టుకుపోయింది. మిగిలింది కుడిచేతి బొటనవేలు. దాని కింద ఆసుపత్రివాళ్ళు వాడుకోమని ఇచ్చిన మీట, మంచం పక్కన తెర కూడా లేని ఒక చిన్న కంప్యూటరు పెట్టె. పెట్టె ఒక తీగ గుండా అతని చెవిలో అక్షరాలు వరసగా చదువుతూ పోతుంది. కావలసిన అక్షరం రాగానే అతను నొక్కుతాడు. అలా కూడబలుక్కున్న వాక్యాన్ని కిటికీలో ఉన్న స్పీకరు అందరికీ వినిపిస్తుంది.

మీటకీ పెట్టెకీ, పెట్టెకీ స్పీకరుకీ మధ్య మాత్రం తీగల్లేవు. రాత్రి కరెంటు పోతే చాలు, తెల్లారేసరికి ఒకదాన్నొకటి మరిచిపోయేవి. వీటికి రోజూ పొద్దున్నే పెళ్ళి చెయ్యాలా అని అమ్మ విసుక్కునేది. ఆ పెళ్ళి పెద్దరికం పిచ్చుకదే. మంచం మీద అన్నయ్య పక్కన కూర్చుని, అదీ ఇదీ నొక్కుతూ, జత కుదిరేదాకా బడి కబుర్లన్నీ చెప్పేది. ఈమధ్యే, బడిలో నేర్చుకున్న నాలుగు ముక్కలతో పెట్టెకి ఒక స్క్రిప్టు, అంటే వరసగా చెయ్యాల్సిన పనుల చిన్న పట్టీ, రాసింది. పెట్టె వెలగగానే పాత జతలన్నీ చెరిపేసి, మీటనీ స్పీకరునీ తనే వెతికి కలుపుకోవాలి. మొదటిరోజే పనిచేసింది. అమ్మ కూతురి తల నిమిరింది. అప్పట్నుంచి పొద్దున్నే ఎవరూ అన్నయ్య పక్కన కూర్చోనక్కర్లేకపోయింది.

ఇవాళే అది మొండికేసింది.

డాక్టరమ్మ వచ్చింది ఒక్క ప్రశ్న కోసం. ఆసుపత్రివాళ్ళ వసతి గృహంలో ఒక చోటు ఖాళీ అయింది. అక్కడికి వస్తావా, ఇంట్లోనే ఉంటావా? జవాబు అన్నయ్యే చెప్పాలి. చెప్పలేకపోతే మీటా పెట్టే అతనికి అక్కరకు రాలేదని రాసుకుని, వాటి కోసం ఎదురుచూస్తున్న ఇంకొకరికి పట్టుకెళ్ళి ఇస్తారు. ఇంట్లోనే ఉంటానంటాడని అమ్మకి నమ్మకం. పిచ్చుకకి అంతకన్నా నమ్మకం. ఆ ఒక్క మాటా పైకి వస్తే పెట్టె ఇక్కడే ఉంటుంది, అన్నయ్యా ఇక్కడే ఉంటాడు.

పిచ్చుక పెట్టెను ఆపి మళ్ళీ వెలిగించింది. పాత ఫోన్‌ను దానికి తగిలించి చూసింది. మీట కలిసింది, స్పీకరు కలిసింది అని తను రాసిన మాటలే తనకి కనిపించాయి. అన్నయ్య మళ్ళీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాడు. వేలు ఆగుతూ నొక్కుతూ పోయింది. నుదుటి మీద చెమట పట్టింది. చివర రెండు నొక్కులు. స్పీకరు మళ్ళీ పలకలేదు.

“వాడి మనసు నాకు తెలుసండీ, నన్నడగండి,” అంది అమ్మ.

డాక్టరమ్మ కసురుకోలేదు. తల్లి మాట వేరు, అతని మాట వేరు అని మెల్లగా చెప్పింది. పోనీ అవునంటే ఒక నొక్కు, కాదంటే రెండు అని పెట్టుకుందామా అని అడిగింది పిచ్చుక. వేలు దానంతటది అదిరినా నొక్కులాగే ఉంటుందని, అంత పెద్ద సంగతి అదురుపాటుకి వదిలేయలేనని డాక్టరమ్మ అంది. అని, తెచ్చుకున్న సంచీ జిప్పు తీసింది.

ఆ చప్పుడు విన్నాడు కాబోలు, అన్నయ్య వేలు ఆత్రంగా నొక్కసాగింది.

ఛార్జింగు లేదేమోనని పిచ్చుక స్పీకరు ఛార్జరు తీగ మార్చింది. తట్టింది, ఊపింది. కింద టైలరు బాబాయ్ దగ్గర మంచి తీగ ఉంటుందని గుర్తొచ్చి, ఒక్క నిమిషం అని బతిమాలి చెప్పుల్లేకుండానే మెట్లు దిగింది. మెట్ల మలుపులో ఆయనే ఎదురొచ్చాడు. మెడలో టేపు, చేతిలో తళతళలాడే కొత్త స్పీకరు.

“నీ దగ్గరికే వస్తున్నానమ్మడూ. పాటలు విందామని కొన్నానా, పొద్దుట్నుంచి ఎవడో దీంట్లో దూరి మాట్లాడుతున్నాడు. కొలతలివ్వడానికొచ్చిన ఆవిడ దడుచుకుని పరుగో పరుగు.”

పిచ్చుకకి అప్పుడు గుర్తొచ్చింది. స్క్రిప్టులో తను స్పీకరు పేరు రాయలేదు. ఒకసారి పాతది పగిలి కొత్తది తెచ్చినప్పుడు పెట్టెలో దాని పేరు మార్చలేక తల ప్రాణం తోకకొచ్చింది. అందుకని ఈసారి, ముందు ఏ స్పీకరు దొరికితే దానితో కలువు అని రాసి ఊరుకుంది. ఇంట్లో ఉన్నది ఒక్కటేగా అనుకుంది, కింద ఇంకోటి వస్తుందనుకోలేదు.

“ఏమంటున్నాడు బాబాయ్?”

ఆయన చెప్పేలోపే చేతిలోని స్పీకరు పలికింది. ఎత్తూ పల్లం లేని ఆ గొంతు పిచ్చుకకి బాగా తెలుసు.

“నేను వస్తాను డాక్టరమ్మా. ఇక్కడ అందరూ నా గురించి మాట్లాడతారు. నాతో మాట్లాడరు. పిచ్చుక కూడా మానేసింది.”

పిచ్చుక గోడ పట్టుకుంది.

టైలరు కాసేపు ఆ పిల్ల మొహం చూశాడు. పైన ఎవరున్నారో, ఆ గొంతు ఎవరిదో అప్పుడు వెలిగింది ఆయనకి. గొంతు తగ్గించాడు.

“ఆపెయ్యమంటావా?”

ఆపేస్తే సరిపోతుంది. డాక్టరమ్మ పెట్టె సర్దుకుని వెళ్ళిపోతుంది. చోటు ఇంకెవరికో పోతుంది. అన్నయ్య ఇదే మంచం మీద, ఇదే కిటికీ పక్కన ఉంటాడు. ఏమన్నాడో ఎవరికీ తెలియదు, ఈ బాబాయ్‌కి తప్ప. ఆయన ఎవరితోనూ అనడు. పైన కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.  

“ఇలా ఇవ్వు బాబాయ్,” అంది.

స్పీకరును రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కింది. డాక్టరమ్మ లేచి నిలబడి ఉంది. మీట ఇంకా అన్నయ్య వేలి కిందే ఉంది. పిచ్చుక స్పీకరును మంచం మీద, అతని మోచేతి పక్కన పెట్టింది.

“అన్నయ్యా, ఇంకోసారి చెప్పు. ఇప్పుడు వినిపిస్తుంది.”

చాలాసేపు పట్టింది. ఎవరూ కూర్చోలేదు. చివరికి గొంతు పలికింది. ఈసారి మాట పొట్టిగా వచ్చింది.

“నేను వస్తాను డాక్టరమ్మా.”

అమ్మ గబగబా వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు ఆగలేదు. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంటూ, పై వారం బండి పంపిస్తామంది. పెట్టే మీటా అతనితోపాటే వస్తాయంది.

పిచ్చుక మంచం మీద కూర్చుంది. ఎన్నాళ్ళకో. ఏదైనా చెప్పాలి. నోరు తెరిచింది, ఏమీ తోచలేదు. వెళ్ళొద్దు అనే మాట నాలుక చివర దాకా వచ్చింది, మింగేసింది.

“మా లెక్కల టీచరు కుర్చీ విరిగింది నిన్న,” అంది. “కూర్చునుండగానే.”

అన్నయ్య వేలు కదిలింది. చెవిలో అక్షరాలు నడుస్తున్నాయి కాబోలు, ఆగింది, మళ్ళీ కదిలింది. డాక్టరమ్మ మెట్లు దిగి వెళ్ళిపోయింది. పిచ్చుక లేవకుండా, అతని వేలినే చూస్తూ కూర్చుంది.