అమ్మగారూ, కాస్త జరగండి

నలభై దాటినా ఆమెను అందరూ చిట్టి అనే పిలిచేవారు. బ్యూటీపార్లర్ మూతపడ్డాక "ఓ నెల ఉండి పోతాను" అంటూ అక్క ఇంటికి వచ్చి, ఆ నెలను ఏళ్ళ తరబడి సాగదీసింది. ఎప్పుడు వెళతావని అక్క ఒక్కనాడూ అడగలేదు. పైగా ఎవరైనా ఆరా తీస్తే, "తోడు కావాలని నేనే ఉంచుకున్నా" అనేది.

అక్కని ఆ వీధిలో చేపలక్క అంటారు. ఇంటి వెనక మందపాటి ప్లాస్టిక్ షీటు కప్పిన గ్రీన్‌హౌస్, అందులో వరసగా చేపల తొట్లు, వాటి పైన అరల్లో ఆకుకూరలు. చలికాలం మొదలైతే అక్కకి నీళ్ళ వేడి తప్ప ఇంకో ధ్యాస ఉండదు. మూలనున్న కట్టెల బాయిలర్ నుంచి వేడినీళ్ళ గొట్టాలు ఒక్కో తొట్టి అడుగునా చుట్టుకుని వెళతాయి. తొట్ల మీద థర్మోకోల్ మూతలు. తలుపు తీసినవాళ్ళు రెప్పపాటులో వేసెయ్యాలి. వెయ్యకపోతే అక్క అరుపుకి అవతలి వీధిలోవాళ్ళు కూడా తమ తలుపులు వేసుకుంటారని చిట్టి వేళాకోళం చేసేది.

ఆ రోజు పొద్దున అక్క కోతమిల్లుకి కట్టెల కోసం బయల్దేరుతూ, "బాయిలర్‌లో కట్టెలు వేస్తూ ఉండవే, మూతలు మాత్రం కదపకు" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది. ఆమె అలా వెళ్ళిందో లేదో, గుమ్మం ముందు కారు ఆగింది. దిగింది పార్లర్ రోజుల స్నేహితురాలు, వెంట ఆవిడ ఆడపడుచు.

ఫోన్‌లో మాట్లాడినప్పుడల్లా చిట్టి ఈ స్నేహితురాలి దగ్గర కాస్త గొప్పలు పోయింది. చేపల ఫారం పెట్టుకున్నాననీ, పెద్ద పెద్ద హోటళ్ళవాళ్ళు ఇంటికొచ్చి పట్టుకెళతారనీ చెప్పింది. వాళ్ళు నిజంగానే చూడ్డానికి ఊడిపడతారని కలలో కూడా అనుకోలేదు.

"ఏదీ నీ సామ్రాజ్యం?" అంది స్నేహితురాలు నవ్వుతూ.

చిట్టి గబగబా మంచి చీర కట్టుకుని వాళ్ళని లోపలికి తీసుకెళ్ళింది. ఆడపడుచు ముక్కు మూసుకుని "అబ్బ, ఉక్కగా ఉంది, నీచువాసన" అనేసరికి రెండు తలుపులూ బార్లా తెరిచింది. చేపలు కనిపించడం లేదన్నందుకు మూతలన్నీ తీసి గోడకి చేరేసింది. వాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. అడిగినదానికల్లా చిట్టి "నేనే పెట్టించాను", "నేనే చూసుకుంటాను" అని చెప్తూ పోయింది. చెప్తున్నకొద్దీ అది నిజంలాగే అనిపించి, ఒళ్ళు తేలికైంది. బాయిలర్ సంగతి ఎవరికి గుర్తుంది?

అప్పుడొచ్చింది అక్క. తలకి తువ్వాలు, పాత కోటు, రబ్బరు బూట్లు, ఒళ్ళంతా రంపపు పొట్టు. చంకలోని కట్టెల మోపు అక్కడే జారవిడిచి, "ఎవరు తీశారే ఈ మూతలు?" అని కేకేసింది.

ఆడపడుచు తెల్లబోయి, "ఎవరీవిడ? నీ దగ్గర పనిచేస్తుందా?" అంది.

ఒక్క మాటతో సరిపోయేది. మా అక్క అంటే చాలు. చిట్టి నోరు తెరిచింది కూడా. కానీ బయటికొచ్చింది మాత్రం, "ఆఁ" అని.

"మరి నిన్ను ఏమే గీమే అంటోందేంటి?"

"పాత మనిషి. అలవాటైపోయింది."

అక్క చిట్టి ముఖంలోకి చూసింది. ఆ చీర చూసింది, వచ్చినవాళ్ళ చేతుల్లో ఫోన్లు చూసింది. ఆమెకి అంతా తెలిసిపోయింది. తల దించుకుని, "తప్పయిందమ్మా" అంది. తర్వాత తొట్టి దగ్గరికొచ్చి, "అమ్మగారూ, కాస్త జరగండి. చేపలకి చలి తగులుతోంది" అంది.

చిట్టి జరిగింది. కాళ్ళ కింద నేల కుంగిపోతే బాగుండుననిపించింది. తొట్టిలో అప్పటికే కొన్ని చేపలు పక్కకి ఒరిగి, నోరు మాత్రం ఆడిస్తున్నాయి.

అతిథులు ఇబ్బందిగా కదిలి, వస్తామంటూ వెళ్ళిపోయారు. కారు మలుపు తిరగ్గానే చిట్టి కొంగు బిగించి పరిగెత్తుకొచ్చి, "అక్కా..." అంది.

"ఆ మూత ఇటు అందుకో."

ఇద్దరూ మూతలు వేశారు, తలుపుల సందుల్లో గోనెలు కుక్కారు. ఆరిపోయిన బాయిలర్‌ని అక్క మళ్ళీ రాజేసింది. చిట్టి వంటింట్లోంచి మరుగుతున్న నీళ్ళు తెచ్చి తొట్టిలో పొయ్యబోతే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. "ఒక్కసారిగా వేడి తగిలినా చస్తాయే. నెమ్మదిగా ఎక్కాలి." 'అమ్మగారూ' అనకుండా మళ్ళీ ఎప్పటిలా చనువుగా మాట్లాడినందుకు చిట్టికి ఏడుపొచ్చింది. చీకటి పడేవేళకి నీళ్ళు గోరువెచ్చనయ్యాయి. చివరి తొట్టిలో చేపలు మాత్రం సగానికి సగం చచ్చిపోయాయి. అక్క వాటిని వలతో తీసి బకెట్లో వేస్తుంటే, చిట్టి బకెట్ పట్టుకుని నిలబడింది.

"నన్ను తిట్టవే అక్కా. రెండు తగిలించు."

"ఎందుకూ? నీ స్నేహితుల ముందు నువ్వు చిన్నబోకూడదనే కదా అలా అన్నాను" అంది అక్క. ఆ గొంతులో కోపం లేదు. అదే చిట్టికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఉదయాన్నే చిట్టి స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. కాఫీ తాగుదువు రమ్మన్నా కదలకుండా, గడపలోనే చెప్పేసింది. "నిన్న మీరు చూసినావిడ మా అక్క. ఫారం ఆవిడదే. నేను ఆవిడ తిండి తింటున్నాను."

స్నేహితురాలు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "తెలుసులేవే. ఆవిడ నోరు విప్పగానే నీ గొంతే వినిపించింది. దార్లో మా ఆడపడుచు కూడా అదే అంది. నీ మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాం."

చిట్టికి అప్పుడు అర్థమైంది. నిన్న అక్కడ మోసపోయినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ కలిసి, చంటిపిల్లని బుజ్జగించినట్టు తనని బుజ్జగించారు.

తిరిగొచ్చేసరికి అక్క గట్టు మీద కూర్చుని మేత కలుపుతోంది.

"వెళ్ళి చెప్పావా?"

"చెప్పాను."

"అనవసరంగా ఎందుకే? ఏమంది?"

అబద్ధం చెప్పేస్తే పోతుందని చిట్టికి తోచింది. ఆశ్చర్యపోయిందని చెప్పొచ్చు, తిట్టిందని చెప్పొచ్చు. కానీ నిన్నటి నుంచి తన నోటి మీద తనకే అసహ్యంగా ఉంది.

"వాళ్ళకి నిన్ననే తెలిసిపోయిందట అక్కా."

మేత కలుపుతున్న చెయ్యి ఆగింది.

"అయితే ఆ 'అమ్మగారూ' ఊరికే అన్నానన్నమాట" అంది అక్క.

అప్పుడు తిరిగాయి ఆమె కళ్ళల్లో నీళ్ళు. నిన్నంతా రాని నీళ్ళు. కోటు చేతితో తుడుచుకుంటే చెంపకి మేత అంటుకుంది. చిట్టి దగ్గరికి వెళ్ళింది కానీ, ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. అక్క చేతిలోంచి మేత గిన్నె తీసుకుని, పక్కనే కింద కూర్చుని, తల ఎత్తకుండా కలపడం మొదలుపెట్టింది.